కోటిపల్లి: రైలుకూ రేవుకూ నడుమ ఒక భోజన హోటలు

కోటిపల్లి రైల్వే స్టేషన్ వైపు నుంచి గోదావరి రేవుకు వచ్చే దారిలో, ముందు పెంకుల వసారా, వెనక వంటిల్లు, పక్కన ఒక పెద్ద పనసచెట్టు ఉన్న చిన్న భోజన హోటలు ఒకటి ఉంది. కిందటి కార్తీకం నుంచి ఇప్పటివరకు అక్కడ నాలుగుసార్లు భోంచేశాను. మొదటిసారి అనుకోకుండా వెళ్ళాను. తరువాతి రెండుసార్లూ దానికోసమే ప్రయాణం పెట్టుకున్నాను. యజమాని దంపతులు తమ పేరుగాని హోటలు పేరుగాని ఎక్కడా రాయవద్దని కోరారు. రోజుకు అరవై, డెబ్భై విస్తళ్ళకు మించి వండే ఓపిక తమకు లేదనీ, పేరు విని దూరం నుంచి వచ్చినవారు అన్నం లేక తిరిగి వెళితే మనసు ఒప్పదనీ వారు చెప్పిన కారణం నాకు న్యాయంగానే తోచింది. ఆ దారిలో పనసచెట్టు నీడ పడే హోటలు అదొక్కటే కాబట్టి, వెతుక్కుంటూ వెళ్ళేవారికి పేరు లేకపోయినా ఇబ్బంది ఉండదు.

బల్ల ముందు కూర్చోగానే యజమాని అడిగే మొదటి ప్రశ్న, “పంటుకు వెళ్ళాలా అండి, ఊళ్ళోనే ఉంటారా?” అన్నది. పంటుకే, అంటే గోదావరి దాటించే పెద్ద పడవకే, అని చెబితే ఆయన వసారా చివరికి నడిచి రేవు వైపు ఒకసారి చూసి వస్తారు. పంటు అవతలి గట్టున ముక్తేశ్వరం దగ్గర ఆగి ఉందా, నడి గోదావరిలో ఉందా, ఇవతలి ఒడ్డుకు చేరిందా అన్నదాన్నిబట్టి మనకు ఎంత వ్యవధి ఉందో చెప్పి, దానికి తగినట్టు వడ్డన సాగిస్తారు. వ్యవధి ఉంటే పప్పు, కూర, పచ్చడి, పులుసు, పెరుగు వరసగా, తొందర లేకుండా వస్తాయి. లేకపోతే అన్నీ ఒకేసారి విస్తట్లోకి వచ్చేస్తాయి. పెరుగన్నం మాత్రం కలిపి ఆకులో పొట్లం కట్టి, పంటు మీద తినమని చేతికిస్తారు. బస్టాండ్ల దగ్గరా స్టేషన్ల దగ్గరా నేను జీవితంలో చాలా భోజనాలు చేశాను. ప్రయాణికుడి తొందరను సొమ్ము చేసుకునే హోటళ్ళు అడుగడుగునా కనిపించాయి. ఆ తొందరను తన బాధ్యతగా నెత్తిన వేసుకునే హోటలు నా అనుభవంలో ఇదొక్కటే. దీన్ని గురించి ఇంత వివరంగా రాయటానికి వంట ఒక కారణమైతే, ఈ మర్యాద అంతకంటే పెద్ద కారణం.

ఈ మర్యాద ఎక్కడిదో అర్థం కావాలంటే ఊరి సంగతి కొంత చెప్పాలి. కాకినాడ నుంచి కోటిపల్లి వరకు 45 కిలోమీటర్ల రైలు మార్గం 1928లో వచ్చింది. రైల్వే లెక్కలో కోటిపల్లి ఆ లైనుకు కొస. రెండు పట్టాల దారులు కలిసే చోటు కాదు. కోనసీమ వారికి మాత్రం అది నిజమైన జంక్షను, ఎందుకంటే పట్టాలు ఆగిన చోటే నీటి దారి మొదలయ్యేది. ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరిలో తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రం. ఆ రోజుల్లో కోనసీమ నుంచి ఎటు కదలాలన్నా ఏదో ఒక రేవు దాటక తప్పేది కాదు. ముక్తేశ్వరంలో పడవెక్కి గౌతమి దాటి కోటిపల్లిలో దిగితే, ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా రైలు కాకినాడ చేర్చేది. కాకినాడ నుంచి సామర్లకోట వెళితే మద్రాసు, హౌరాల మధ్య నడిచే పెద్ద లైను అందేది. కోర్టు వాయిదాకు వెళ్ళే రైతు, పిఠాపురం రాజావారి కళాశాలలో చదువుకునే కుర్రవాడు, పురిటికి పుట్టింటికి వెళ్ళే ఆడపిల్ల, కాశీకి బయలుదేరిన ముసలివారు, అందరూ ఈ రేవులోనే దిగి ఈ దారినే నడిచారు.

మా నాయనమ్మ ముక్తేశ్వరం వెనక ఒక పల్లెటూరి కోడలు. పుట్టిల్లు వేళంగి వైపు. ఆ లైను మీద వేళంగిలో రైలు ఆగేది కాబట్టి, కోటిపల్లిలో రైలెక్కితే ఆమెకు పుట్టిల్లు చేరినట్టే. ఆ ప్రయాణాల గురించి చెప్పేటప్పుడు పడవ దిగాననీ రైలెక్కాననీ విడివిడిగా అనేది కాదు. “కోటిపల్లిలో బండి మారి” అనేది. పడవను కూడా ఆమె ఒక బండిగానే లెక్కవేసుకుంది. 1940లో యుద్ధ అవసరాల కోసం ఆ పట్టాలు పీకి తీసుకుపోయారు. పన్నెండేళ్ళు జంక్షనుగా బతికిన చోటు మళ్ళీ ఒట్టి రేవుగా మిగిలింది. “అంత పెద్ద యుద్ధానికి మా చిన్న రైలే కావలసి వచ్చిందా” అని ఆమె ముసలితనంలో కూడా బాధపడటం నాకు గుర్తుంది. పట్టాలు పోయిన తరువాత పుట్టింటికి ఎడ్లబండిలో వెళ్ళవలసి రావటంతో ఆమె ప్రయాణాలు తగ్గాయి. చూడవలసినవారిని చూడకుండానే కొందరిని పోగొట్టుకుంది. ఒక చిన్న లైను పోవటమంటే ఏమిటో నేను మొదట తెలుసుకున్నది ఆమె మాటల్లోనే.

మళ్ళీ రైలు రావటానికి 64 ఏళ్ళు పట్టింది. 2004లో కొత్త పట్టాల మీద కాకినాడ నుంచి కోటిపల్లికి బండి వచ్చింది. ఒకే పెట్టె ఉన్న రైలుబస్సు తిరిగిన రోజుల్లో నేనూ అందులో వచ్చి, వరి చేల మధ్య నుంచి సాగే ఆ దారిని కళ్ళనిండా చూసుకున్నాను. కోటిపల్లి నుంచి గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయలను దాటి అమలాపురం మీదుగా నరసాపురం చేరే మరో 57 కిలోమీటర్ల మార్గం 2000–01లో మంజూరైంది. అమలాపురం నుంచి ఎన్నికై లోక్‌సభ స్పీకరైన జి.ఎం.సి. బాలయోగి ఆ లైను కోసం ఎంతో పాటుపడ్డారు. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన మరణించారు. రేవులో నిలబడితే గౌతమిలో ఆ వంతెన కోసం కట్టిన స్తంభాలు కనిపిస్తాయి. ఆ దారి మీద రైలు నడిచిన నాడు కోటిపల్లి లైను కొసగా కాక, నది దాటే ముందు స్టేషనుగా మిగులుతుంది. అటువంటి రోజు రావాలని కోరుకునేవారిలో నేనూ ఒకడిని.

హోటలు యజమాని చెప్పినదాన్నిబట్టి, వారి తాతగారు తొలి రైలు నడిచిన కాలంలో స్టేషను బయట తాటాకు పాక వేసి ఇడ్లీ, ఉప్మా, కాఫీ అమ్మేవారు. పడవ ఆలస్యమైతే రైలు తప్పేది. రైలు ఆలస్యమైతే చివరి పడవ తప్పేది. రెండింటి మధ్యా చిక్కుకున్నవారికి వేళకు అన్నం పెట్టటమే ఆ పాక చేసిన వ్యాపారం. పట్టాలు పోయాక పాక రేవు వైపు జరిగింది, మనవడి కాలానికి పెంకుటిల్లయింది. “మా తాత మాకు ఒకటే చెప్పాడండి. తినేవాడి కడుపూ నిండాలి, బండీ అందాలి. ఆయ్, దానికి తగ్గట్టే పొయ్యి చూసుకోవాలి” అన్నారాయన. పొయ్యి చూసుకోవటమంటే ఏమిటో రెండోసారి వెళ్ళినప్పుడు వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని గమనించాను. అన్నం ఒక్క పెద్ద గుండిగలో వండి మూతపెట్టి ఉంచరు. పంటు అవతలి గట్టు వదిలిన చప్పుడు వినగానే ఒక చిన్న డేగిశాలో బియ్యం పడతాయి. పంటు ఈ ఒడ్డుకు చేరి, జనం గట్టెక్కి, దారి నడిచి వసారాలోకి వచ్చేసరికి ఆ అన్నం వార్చి సిద్ధంగా ఉంటుంది. మధ్యాహ్నం పదకొండున్నర నుంచి రెండింటి లోపల ఇలా ఆరేడు వాయిలు వండుతారట. ఎప్పుడు వెళ్ళినా విస్తట్లో అన్నం పొగలు కక్కుతూ ఉండటానికి రహస్యం ఇదే.

వంట సంగతికి వస్తే, మొదట చెప్పవలసింది కంద బచ్చలి కూర. కార్తీక సోమవారం నాడు ద్రాక్షారామంలో భీమేశ్వరస్వామి దర్శనం చేసుకుని, కోటిపల్లిలో స్నానానికి నేనూ నా భార్యా వచ్చినప్పుడు మాకు వడ్డించిన కూర అది. ఉల్లిపాయ, వెల్లుల్లి లేని రోజు. కంద దురద పోవాలంటే ముదురు గడ్డ కావాలి, చింతపండు పులుసులో బాగా ఉడకాలి; బచ్చలి మాత్రం ఎక్కువ ఉడికితే జావ అవుతుంది. రెండింటినీ ఒకే పాత్రలో సమంగా దించటం చేయి తిరిగినవారికే సాధ్యం. ఇక ఆవ. నానబెట్టి నూరిన ఆవాలను పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కి ఘాటు పోతుంది. కూర దించి వేడి కాస్త తగ్గాక కలిపితేనే ముక్కుకు అందే ఘాటు నిలుస్తుంది. పెద్ద ఎత్తున వండే చోట్ల ఈ ఓపిక పట్టరు. ఇక్కడ ప్రతి వాయికీ ఆవ విడిగా కలుపుతారు. మా ఇంట్లో ఈ కూర నాలుగు దశాబ్దాలుగా వండుతున్న నా భార్య రెండో ముద్ద దగ్గర ఆగి, “మన అత్తయ్యగారి చేతి కూరలా ఉంది” అన్నది. ఆమె నోటి నుంచి అంత సులభంగా వచ్చే మాట కాదది.

శివరాత్రికి కోటిపల్లి గోదావరిలో స్నానాలకు జనం ఎలా వస్తారో తెలిసినవారికి చెప్పనవసరం లేదు. ఈ క్షేత్రంలో ఇంద్రుడు కోటీశ్వరుణ్ణి, చంద్రుడు సోమేశ్వరుణ్ణి, కశ్యపుడు సిద్ధి జనార్దనస్వామిని ప్రతిష్ఠించారని స్థలపురాణం; గురుశాపం వల్ల కోల్పోయిన కాంతిని చంద్రుడు ఇక్కడే తిరిగి పొందాడంటారు. ఇక్కడ చేసిన పుణ్యకార్యం కోటిరెట్లు ఫలిస్తుందన్న నమ్మకం వల్ల ఊరికి కోటిఫలి అన్న పేరు కూడా ఉంది. శివరాత్రి నాడు ఈ హోటల్లో పొయ్యి వెలిగించరు. ఊరంతా జనంతో నిండి ఉన్న రోజున, ఏడాది మొత్తంలో ఎక్కువ బేరం జరిగే రోజున, ఉపవాసం పేరుతో వంటిల్లు మూసుకోవటం వ్యాపారం తెలిసినవారికి వింతగా తోచవచ్చు. ఆ రాత్రి జాగరణ చేసినవారి కోసం మర్నాడు తెల్లవారకముందే వంట మొదలవుతుంది. నేను వెళ్ళింది ఆ మర్నాడే. ఉదయం ఆరింటికి ఇడ్లీ, ఏడింటికి పెసరట్టూ ఉప్మా, తొమ్మిదింటికల్లా భోజనం. ఉపవాసం విడిచే కడుపుకు బరువు తగలకుండా ముద్దపప్పు, నెయ్యి, చారు, పెరుగు మాత్రమే ముందు పెట్టి, కూర అడిగినవారికే వడ్డించారు.

ఆ రోజు అడిగి వేయించుకున్న కూర పనసపొట్టు. పనసచెట్టుకు లేత కాయలు వచ్చే కాలం అది. వసారా పక్కనున్న చెట్టు కాయే విస్తట్లోకి వచ్చింది. పనసపొట్టు కొట్టటం ఒక విద్య. చేతికీ కత్తికీ నూనె రాసుకుని, పాలు కారుతున్న కాయను పట్టుకుని, సన్నగా పొడిపొడిగా రాలేటట్టు కొట్టాలి. ముక్కలు పెద్దవైతే నారగా తగులుతాయి, మరీ చిన్నవైతే ఉడికి ముద్ద అవుతాయి. ఇప్పుడు బజారులో యంత్రం మీద కొట్టిన పొట్టు సంచుల్లో అమ్ముతున్నారు, హోటళ్ళలో చాలావరకు అదే వాడుతున్నారు. ఇక్కడ యజమాని తల్లిగారు, ఎనభై ఏళ్ళు దాటిన ఆవిడ, వసారా అరుగు మీద కూర్చుని కత్తితో కొడుతుంటే చూశాను. చింతపండు పులుసు పోసి, ఎండుమిరపకాయలూ జీడిపప్పూ వేసిన పోపు పెట్టి, చివర ఆవ కలిపిన ఆ కూరకు సాటివచ్చేది ఇటీవలి కాలంలో నేను తినలేదు. మీరు మాఘ, ఫాల్గుణ మాసాల్లో వెళితే ఈ కూర ఏ రోజు చేస్తారో ముందుగా కనుక్కుని వెళ్ళటం మంచిది. చెట్టు కాయ ఇచ్చిన రోజునే చేస్తారు, బజారు పొట్టుతో చెయ్యరు.

మిగిలిన వంటకాల గురించి క్లుప్తంగా చెబుతాను. వంకాయలు గోదావరి లంకల నుంచి వస్తాయి, లేతగా ఉంటాయి, అల్లం పచ్చిమిర్చి ముద్దతో చేసిన రోజున రుచి బాగుంటుంది. గుమ్మడికాయ ముక్కల పులుసులో బెల్లం కొద్దిగా ఎక్కువ. గోదావరి జిల్లాలవారికి అది ఇష్టమే గాని, మిగతా ప్రాంతాలవారు తీపి తగ్గించమని అడిగినా తగ్గించటానికి అప్పటికే పులుసు మరిగి ఉంటుంది. ఆవకాయ ఇంటిది. పెరుగు చాకుతో కోసినట్టు గడ్డగా ఉంటుంది. ఆదివారం ఉదయం పనసాకులతో బుట్టలు కుట్టి అందులో పిండి పోసి ఉడికించే పొట్టిక్కలు దొరుకుతాయి; అంబాజీపేట వాటికి పేరు మోసిన ఊరు, ఇక్కడివి దానికి దగ్గరగా వస్తాయి కాని ఆకు వాసన అంతగా పట్టలేదని నాకనిపించింది. చేపలు వండరు. వరద కాలంలో ఎర్రనీటికి ఎదురీది వచ్చే పులస కోసం అడిగేవారిని రేవు దగ్గరి వేరే చోటికి పంపిస్తారు. భోజనం 120 రూపాయలు, టిఫిను 40, కాఫీ 15. అన్నం, పప్పు, కూర ఎంత అడిగితే అంత వడ్డిస్తారు.

లోపాలు కూడా ఉన్నాయి. వాటిని దాచి పొగిడితే, నా మాట నమ్మి వెళ్ళేవారికి అన్యాయం చేసినట్టవుతుంది. అన్నింటికంటే పెద్ద లోపం, అక్కడ మరుగుదొడ్డి లేకపోవటం. ప్రయాణికుల కోసమే నడిచే హోటలులో, అందులోనూ ఆడవారూ వృద్ధులూ ఎక్కువగా వచ్చే పుణ్యక్షేత్రంలో, ఇది చిన్న విషయం కాదు. ఈ మాట యజమానితోనే అన్నాను. స్థలం సరిపోవటం లేదన్నారు. వసారా వెనక పశువుల పాక తీసేసిన చోటు ఖాళీగా ఉంది కాబట్టి ఆ సమాధానంతో నేను ఏకీభవించలేకపోయాను. రెండోది కాఫీ. తిండిలో అంత శ్రద్ధ చూపేవారు కాఫీలో చికోరీ వంతు ఎందుకు అంత పెంచారో అంతుబట్టలేదు. పాలు మంచివి, పొడి మంచిది కాదు. మూడోది, కూర్చునే బల్లలు ఎత్తు తక్కువ, వెనక ఆనుకోవటానికి లేదు. మోకాళ్ళ నొప్పులున్నవారికి కూర్చోవటం, లేవటం కష్టం. అడిగితే లోపలి నుంచి ఒక కుర్చీ తెచ్చి వేస్తారు, కాని ఆ ఇంట్లో ఉన్న కుర్చీలు రెండే.

వైశాఖంలో వెళ్ళినప్పుడు ఒక పొరపాటు జరిగింది. గోదావరి నీరు తగ్గి ఇసుక తిప్పలు బయటపడిన కాలం. పంటు దిగాక ఎండలో ఇసుకలో చాలా దూరం నడిచి వచ్చాము. మా ముందు పెద్ద పెళ్ళివారి గుంపు ఒకటి వచ్చి భోంచేసి వెళ్ళింది. తొందరలో దించిన అన్నం మాకు వడ్డించారు; మెతుకు నడుమ పలుకు మిగిలి ఉంది. నేను ఏమీ అనలేదు, కాని యజమాని భార్య విస్తరి చూసి తానే గుర్తించింది. ఆ విస్తళ్ళు తీయించి, పావుగంట ఆగమని చెప్పి, ఈలోగా చల్లటి మజ్జిగలో అల్లం, కరివేపాకు వేసి ఇచ్చి, మళ్ళీ అన్నం వండి వడ్డించింది. “రేవు దాటి వచ్చిన బాబుగారికి పలుకన్నం పెట్టానండి, డబ్బులు ముట్టుకోను” అని ఎంత చెప్పినా తీసుకోలేదు. పొరపాటు ఎక్కడైనా జరుగుతుంది. అడగకముందే గుర్తించిన తీరును బట్టి ఆ వంటింట్లో ప్రతి విస్తరి మీదా ఒక కన్ను ఉంటుందని తెలిసింది. ఆ రోజు మామిడికాయ పప్పు, కొత్త ఆవకాయ, భోజనం తరువాత ఇచ్చిన తాటిముంజలు కూడా చెప్పుకోదగినవే.

నాలుగోసారి శ్రావణంలో వెళ్ళాను. ఆ రోజు ఉదయం ముక్తేశ్వరం వైపు బంధువుల ఇంటికి వెళ్ళాలని కాకినాడ నుంచి బయలుదేరి కోటిపల్లి చేరేసరికి గోదావరి ఎర్రగా, వెడల్పుగా పారుతోంది. నీటి వేగం పెరగటంతో పంటు ఆపేశారు. రేవులో నలభై, యాభైమంది చిక్కుకుపోయారు. అవతలి ఊళ్ళలో దిగవలసిన కూలీలు, సంచులతో చిల్లర వ్యాపారులు, చంటిపిల్లతో ఒక తల్లి. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన మీదుగానో రావులపాలెం మీదుగానో చుట్టూ తిరిగి వెళ్ళాలంటే ఖర్చూ సమయమూ రెండూ ఎక్కువే. కొందరు అలా వెళ్ళారు. మిగిలినవారు వరద కాస్త తీస్తుందేమోనని ఆగిపోయారు. అటువంటి రోజున హోటలువారికి బేరం ఎక్కువ, ధర పెంచినా అడిగేవారు లేరు. ఆ రోజు వారు భోజనం 120 నుంచి 60కి తగ్గించారు. విస్తట్లో అన్నం, పప్పు, ఒక పచ్చడి, మజ్జిగ మాత్రమే ఉంటాయని, కూర వండటానికి సరుకు లేదని ముందే చెప్పి మరీ తగ్గించారు. చంటిపిల్ల తల్లికి పాలు కాచి ఇచ్చి డబ్బు అడగలేదు. యజమాని ప్రతి అరగంటకూ రేవుకు వెళ్ళి, పంటు నడిపేవారిని అడిగి వచ్చి, వసారాలో ఉన్నవారందరికీ సంగతి చెప్పారు. మధ్యాహ్నం మూడింటికి ఆ రోజు ఇక పంటు నడవదని తేలింది. రాత్రికి ఉండిపోయేవారిని వసారాలో పడుకోమన్నారు, చాపలు పరిచారు. మా నాయనమ్మ పడవ తప్పినప్పుడు కోటిపల్లిలో ఒక రాత్రి గడిపిందని చిన్నప్పుడు విన్నాను. ఎక్కడ పడుకున్నావని అడిగితే, “స్టేషను బయట పాకలో, అన్నం పెట్టినవాళ్ళే చాప వేశారు” అని చెప్పింది. శ్రావణంలో ఆ వసారా అరుగు మీద కూర్చుని వాన చూస్తుంటే ఆ మాట గుర్తొచ్చి చాలాసేపు మాట్లాడలేకపోయాను.

వెళ్ళదలచినవారికి కొన్ని వివరాలు. కాకినాడ వైపు నుంచి వచ్చేవారు కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా రోడ్డున రావచ్చు. ద్రాక్షారామంలో ఉదయం దర్శనం పూర్తిచేసుకుని బయలుదేరితే భోజన వేళకు కోటిపల్లి చేరతారు. అమలాపురం వైపు నుంచి వచ్చేవారు ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కటమే దగ్గర. కారు, మోటారుసైకిలు కూడా పంటు మీద ఎక్కిస్తారు. పంటు దిగగానే తిన్నగా హోటలుకు వెళ్ళకుండా, ముందు ఛాయా సోమేశ్వరస్వామి దర్శనం చేసుకుని వస్తే రద్దీ తగ్గి ఉంటుంది. శివరాత్రి నాడు అన్నం ఉండదని ముందే చెప్పాను. రాత్రి భోజనం పెట్టరు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు టిఫిను మాత్రమే ఉంటుంది. డబ్బు ఫోను ద్వారా చెల్లించవచ్చు, కాని వానాకాలంలో సిగ్నల్ సరిగా అందదు కాబట్టి చేతిలో నోట్లు ఉంచుకోవటం మంచిది. పదిమందికి మించి వెళ్ళేటట్టయితే ముందురోజే ఎవరినైనా పంపి చెప్పించండి. మధ్యాహ్నం రెండు దాటాక వెళ్ళినవారికి పెరుగన్నం, ఆవకాయ తప్ప మిగలవు. పంటు ఒడ్డుకు వస్తున్న చప్పుడు వినిపిస్తే మాత్రం వంటింట్లో ఇంకొక వాయి బియ్యం పడతాయి, వాటి కోసం మీరూ కాసేపు ఆగవచ్చు.